తెలుపు కింద నీలం

పోయినవారం నా చూపుడువేలు గోడలో ఉండగా కథ ఆపాను. వారమంతా అది అక్కడే ఉందనుకోండి.

కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మేం బొమ్మలు వేసేది మూతపడ్డ ఒక ఐసు ఫ్యాక్టరీలో. మూరెడు మందం గోడలు, నేలలో నీళ్ళు పోయే కాలవలు, ఎండాకాలంలో కూడా అరికాళ్ళు జిల్లుమనే గచ్చు. ఎవరికీ పనికిరాని ఆ కొంపని గ్యాలరీ చేసింది మాస్టారు. ఆయన పెట్టిన నియమం ఏమిటంటే, ఎవరైనా సరే నేరుగా గోడ మీదే వెయ్యాలి. ప్రదర్శన ఆఖరి రోజు సాయంత్రం, వేసినవాళ్ళే తమ చేత్తో దానిమీద తెల్లరంగు కొట్టెయ్యాలి. అమ్మడాలు లేవు. ఫొటోలు లేవు. "చూసినవాడి కళ్ళలో మిగలాలి గానీ గోడ మీద కాదు" అంటాడాయన. ఆ సాయంత్రాన్ని మేం తెల్లపూట అంటాం. ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. పోయినవాళ్ళని చూడ్డానికి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడతారు. తర్వాత టీ తాగి వెళ్ళిపోతారు.

నేను బోర్డులు రాసుకుని బతికినవాణ్ణి. అందుకే ఇక్కడ నా పేరు కూడా బోర్డే. షాపుకి బోర్డు రాస్తే ఆ షాపు మూసేదాకా అయినా ఉంటుంది. మాస్టారి మాటకి పడిపోయి ఇక్కడికొచ్చాక నేను వేసినదేదీ బతికి బట్టకట్టలేదు. నా సంతలు, నా వర్షంలో సైకిళ్ళు, నా బాకా ఊదే గుడ్డివాడు, అన్నిటినీ నేనే, ఈ చేతుల్తోనే పూడ్చిపెట్టాను. వెనక నిలబడి జనం కళ్ళు తుడుచుకుంటుంటే అదేదో ఘనకార్యం అనుకున్నాను.

ఇప్పుడు వంతు మా చెల్లెలిది. ఆమె ఏం వేసిందో తర్వాత చెప్తాను, చెప్పాలంటే కాస్త గుండె చిక్కబట్టుకోవాలి.

మొన్నటి వానకి కప్పు కారింది. అందరి గోడలూ తడిసి మరకలు కట్టాయి. మాస్టారి గోడ ఒక్కటే బొబ్బ కట్టింది. గ్యాలరీలో మొదటి బొమ్మ ఆ గోడ మీద ఆయన వేసినదే. దాని పేరు నీలం. ఎవరికీ చూపించకుండా, తలుపులు మూసుకుని, ఒక్కడే దానిమీద తెల్లరంగు కొట్టేశాడట. చూపించకుండానే చెరిపేసిన మనిషి అని మేం పదిమందికీ చెప్పుకునేవాళ్ళం. ఆ గోడ మీద మళ్ళీ ఎవర్నీ వెయ్యనివ్వలేదు. మేం అదీ గొప్పే అనుకున్నాం.

నేను ఆ బొబ్బని గోటితో గీరాను. ఎన్ని గోడల రంగు గీరలేదు నేను, పెచ్చులుగా రాలుతుంది. ఇది రాలలేదు. చర్మం లేచినట్టు లేచింది. వేలు దూర్చాను. తెలుపు వెనక గుడ్డ. గుడ్డ వెనక నీలం, నిన్న వేసినంత పచ్చిగా.

అప్పుడే వెనకనుంచి ఎవరో "ఆ వేలు తియ్యి" అన్నారు. పోయినవారం అక్కడే ఆపాను.

అన్నది మా చెల్లెలు.

"చూశావా?" అన్నాను.

"చూశాను. తియ్యి, చిరుగుతుంది."

"చిరగాలనే కదా పెట్టింది."

"అన్నయ్యా."

ఆ పిలిచే తీరు మా అమ్మది. అందులో తిట్టు ఉండదు, బతిమాలడం ఉండదు, ఇంక చాలు అన్నట్టు ఉంటుంది. వేలు తీశాను. ఆమె వచ్చి ఆ బొబ్బ మీద అరచెయ్యి పెట్టి, చొక్కా కాలరు ముడత సర్దినట్టు మెల్లగా అదిమింది. మా అమ్మ జీవితమంతా ఇస్త్రీ చేసింది. ఆవిడ పోయాక ఆ బల్లా ఆ ఇస్త్రీపెట్టే చెల్లెలికి వచ్చాయి, వాటితోపాటు ఆ చెయ్యి కూడా వచ్చింది.

"ఆయన మనందరి చేతా కొట్టించి, తనది మాత్రం గుడ్డ కప్పి దాచుకున్నాడే" అన్నాను. "అందరి కంట్లో సున్నం, తన కంట్లో వెన్న."

"ఆయన సంగతి ఆయనది."

"సరే. అయితే ఇవాళ సాయంత్రం నువ్వు కొట్టకు."

"ఎందుకు కొట్టకూడదు?"

"ఎందుకేమిటే? నేనిప్పుడు గోడతో మాట్లాడుతున్నానా, నీతోనా?"

ఆమె నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆమె కళ్ళు మాత్రం ఎదుటి గోడ మీదే ఉన్నాయి.

అక్కడుంది మా అమ్మ. ఇస్త్రీపెట్టెలో మిగిలిన బొగ్గుముక్కలతో వేసింది చెల్లెలు. వేరే రంగు లేదు. బల్ల మీదికి వంగిన నడుము, పెట్టె బరువుకి కాస్త పైకి లేచిన కుడిభుజం, నొప్పి పుట్టిన కాలిని రెండో కాలి మీద ఆనించి నిలబడ్డ తీరు. గుమ్మంలో ఎవరో పిలిస్తే పెట్టె ఆపకుండా తల మాత్రం తిప్పేది. సరిగ్గా ఆ తిప్పుడు. మా ఇంట్లో అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. కెమెరా కనపడితే కొంగు అడ్డం పెట్టుకునేది. ఆ మనిషి ఈ లోకంలో ఇప్పుడు ఉన్నది ఆ గోడ మీదే. అదీ బొగ్గు. చేత్తో తుడిస్తే పోతుంది. తెల్లరంగు రోలరు దాకా అక్కర్లేదు.

"అమ్మ అన్నయ్యా" అంది చెల్లెలు. "నాకు తెలిసినప్పట్నుంచీ నిలబడే ఉంది. జ్వరంలో కూడా కూర్చోమంటే కూర్చోలేదు. గోడ మీద కూడా నిలబెట్టే వేశాను, ఇంకోలా నాకు రాలేదు. ఇంక కూర్చోనీ."

"తెల్లరంగు కొడితే కూర్చుంటుందా?"

"నాకలా అనిపిస్తుంది."

"నీకు అనిపించలేదే, ఆయన అనిపించాడు. నీ నోట్లోంచి వచ్చేవి ఆయన మాటలు."

"ఆయన కూర్చోవడం గురించి ఎప్పుడూ చెప్పలేదే" అంది. బాగా ఆలోచించే అంది. అదీ నిజమే. ఇలాంటప్పుడు నిజం మాట్లాడేవాళ్ళంటే నాకు చెడ్డ చిరాకు.

మాస్టారు వెనక గదిలో ఉన్నాడు. ఒకప్పుడు ఐసు దిమ్మలు పేర్చిన గది. బోర్లించిన రంగుడబ్బా మీద కూర్చుని, సాయంత్రానికి కావలసిన రోలర్లు బకెట్లో నానబెట్టి పిండుతున్నాడు. ఆ పని ఆయన ఎవరికీ ఇవ్వడు. మిగతా పనులన్నీ మాకే.

"గుడ్డ సంగతి తెలిసింది మాస్టారూ" అన్నాను.

ఉలిక్కిపడతాడనుకున్నాను. ఆ సుఖం కూడా ఇవ్వలేదు. రోలరు పిండుతూనే, "తడి లోపలికి పోయిందా?" అన్నాడు.

"ఏమిటీ?"

"నీలం తడిసిందా అని అడుగుతున్నా, బోర్డూ."

"ఇన్నేళ్ళుగా మా అందరి గోడలూ మింగి, మీరు అడిగే మొదటి మాట ఇదా?"

అప్పుడు తల ఎత్తాడు. ముసలాయన. గడ్డంలో తెల్లరంగు ఏదో, నెరిసిన వెంట్రుక ఏదో తెలియదు.

"చెయ్యాలనే అనుకున్నా" అన్నాడు. "ఊరందరికీ చెప్పుకున్నా కూడా. తలుపేసుకుని రోలరు ఎత్తాను, దించాను. మళ్ళీ ఎత్తాను. నావల్ల కాలేదు. పల్చటి గుడ్డ తెచ్చి, నాలుగంచులకే జిగురు పెట్టి కప్పాను. దానిమీద కొట్టాను. తలుపు తీసి అయిపోయిందన్నాను. బయట నిలబడ్డవాళ్ళు ఏడ్చారయ్యా. ఆ ఏడుపు చూశాక నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మర్నాడు ఒకడొచ్చి నేనూ మీలాగే చేస్తానన్నాడు. చేశాడు. నిజంగా చేశాడు."

"ఆపాల్సింది."

"ఎలా ఆపేది? నేను నటించిందాన్ని వాడు చేసి చూపించాడు. తర్వాత నువ్వు చేశావు. అందరూ చేశారు. ఆ లెక్కన మీరంతా నాకంటే పెద్దవాళ్ళు."

చూశారా, చేసిన మోసాన్ని మనకే దండలా వెయ్యడం. కుడితిలో పడ్డ ఎలుకకి ఎంత ఊపిరాడుతుందో నాకూ అంతే ఆడింది.

"ఆ పెద్దరికం మీ దగ్గరే ఉంచుకోండి. నా గోడలు నాకిచ్చెయ్యండి."

ఆయన చేతిలోని రోలరు బకెట్టు అంచు మీద పెట్టాడు.

"ఇవ్వలేరు కదా. అయితే ఒక పని చెయ్యండి. సాయంత్రం మా చెల్లెలు రోలరు పట్టకముందే, అందరి ముందూ ఇది చెప్పండి."

"చెప్తే నువ్వనుకున్నది జరగదు."

"అది నేను చూసుకుంటాను."

"సరే, చెప్తా" అన్నాడు. ఇంకో రోలరు తీసుకుని పిండడం మొదలుపెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, అసలేముంది ఆ గుడ్డ కింద అని అడిగాను. బకెట్లో నీళ్ళు మార్చడానికి లేచాడు.

సాయంత్రానికి హాలు నిండింది. ఎండ ఇంకా పోలేదు, పై కిటికీల్లోంచి ఏటవాలుగా పడి మా అమ్మ బల్ల మీదికి వచ్చింది. చెల్లెలు ఉతికిన చీర కట్టుకుని, కొంగు దోపుకుని, బకెట్టు పక్కన నిలబడింది. నా పక్కన వెల్డరు. ఇనప రేకులతో కొంగలు చేసి గోడకి అతికించేవాడు, తెల్లపూట అవగానే వాటిని తుక్కుకి తోలేవాడు. వాడి పక్కన రేడియో అక్క. ఆవిడకి ఆ పేరు ఎందుకొచ్చిందో రెండు నిమిషాలు ఆవిడ పక్కన నిలబడితే చాలు.

మాస్టారు ముందుకొచ్చాడు. చెప్పాడు. దాచకుండా, నాకు చెప్పినదానికంటే సూటిగానే చెప్పాడు. గుడ్డ కప్పాననీ, కొట్టలేదనీ, ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాననీ.

ఇప్పుడు అంటుకుంటుంది చూడు అనుకున్నాను.

ముందుగా రేడియో అక్క ఊపిరి వదిలింది. "అంటే, అక్కడ తెలుపే లేదు" అంది. "ఇన్నాళ్ళూ మనం చూసిన తెలుపు మన నమ్మకమే."

"గుడ్డ కూడా పనిలో భాగమేనన్నమాట" అన్నాడు వెల్డరు. వాడి కళ్ళు చెమర్చాయి.

"కాదయ్యా" అన్నాడు మాస్టారు. "పనీ లేదు, భాగమూ లేదు. భయం."

"భయం" అని రేడియో అక్క నెమ్మదిగా మళ్ళీ అంది, అదేదో కొత్త బొమ్మ పేరైనట్టు.

ఎవడో చప్పట్లు మొదలెట్టాడు. ఒకడు కొడితే ఇక్కడ అందరూ కొడతారు. ఐసు ఫ్యాక్టరీ గోడలకి ఆ చప్పుడు తగిలి రెట్టింపయి తిరిగొచ్చింది. మాస్టారు రెండు చేతులూ ఎత్తి వద్దు వద్దంటున్నాడు, ఆ ఎత్తడం చూసి ఇంకా గట్టిగా కొట్టారు. ఆ మనిషి తను మోసగాణ్ణని నమ్మించలేక చెమటలు కక్కుతున్నాడు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

"మోసపోయాంరా" అని వెల్డరు భుజం పట్టుకుని ఊపాను. "వింటున్నావా? మోసం చేశానని ఆయనే చెప్తున్నాడు."

"నీకు అర్థం కాలేదు బోర్డన్నా."

"నీ కొంగలేవిరా?"

"తుక్కుకి వేశాగా."

"ఎందుకేశావ్?"

"వెయ్యాలి కాబట్టి."

"ఎవరు చెప్పారు వెయ్యాలని?"

నోరు తెరిచాడు. వాడి మొహంలో ఏదో కదిలింది, లోపల రెక్క ఆడినట్టు. ఒక్క క్షణమే. తర్వాత మళ్ళీ సర్దుకుని, "బయట మాట్లాడుకుందాం అన్నా" అన్నాడు. చేతులు మాత్రం చప్పట్లు మానేశాయి. నాకు దక్కిన గెలుపు అంతే.

నేను వెళ్ళి చెల్లెలికీ గోడకీ మధ్య నిలబడ్డాను.

"విన్నావుగా" అన్నాను.

"విన్నాను. జరుగు."

"జరగను."

"నీ చొక్కాకి బొగ్గు అంటుతోంది అన్నయ్యా. అమ్మ చెయ్యి చెరిగిపోతుంది."

చటుక్కున పక్కకి జరిగాను. నన్ను జరపడానికి ఆమెకి ఎప్పుడూ ఒక్క మాట చాలు. చూసుకుంటే వీపు మీద నల్లగా ఉంది. గోడ మీద అమ్మ మోచెయ్యి కొంచెం పల్చబడింది. నేను కాపాడదామని నిలబడి చేసిన నిర్వాకం అది.

చెల్లెలు రోలరు తీసుకుంది. తెల్లరంగులో ముంచింది, బకెట్టు అంచుకి రాసి బొట్లు రాల్చింది. చప్పట్లు వాటంతటవే ఆగిపోయాయి. ఆమె మా అమ్మ వైపు వెళ్ళలేదు. హాలు ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి, మాస్టారి ముందు ఆగి, రోలరు ఆయన వైపు చాపింది.

"ముందు మీరు" అంది.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మీరు చెప్పారని నేను కొట్టడం లేదు మాస్టారూ. నా కారణం నాకుంది. కానీ ఈ చోట కొట్టమన్నది మీరు. వీళ్ళంతా ఇప్పుడు చప్పట్లు కొడితే నాకు తల కొట్టేసినట్టయింది. ముందు మీరు మీది కొట్టండి. గుడ్డ మీద కాదు. ఆ తర్వాత నేను మా అమ్మని పంపిస్తాను. మీరు కొట్టకపోతే నేనూ కొట్టను."

నాకు ప్రాణం లేచొచ్చింది. నేను పొద్దుట్నుంచీ గొంతు చించుకున్నా కానిది, ఆమె నాలుగు మాటల్లో ముడి వేసేసింది. కొట్టలేడుగా ఆయన. అప్పుడే కొట్టలేనివాడు ఇప్పుడేం కొడతాడు? అమ్మ ఉంటుంది. ఉండిపోతుంది.

మాస్టారు తన గోడ దగ్గరికి వెళ్ళాడు. నేను పొద్దున వేలు దూర్చిన చోటే వేళ్ళు పెట్టి, కిందికి లాగాడు. గుడ్డ బొబ్బ దగ్గర్నుంచి సర్రున చిరిగి, దానిమీది తెలుపంతా పెళపెళలాడుతూ ఊడిపోయింది. అంచులు వదలకపోతే గోళ్ళతో పీకాడు. వెల్డరు సాయం వెళ్ళబోతే మోచేత్తో తోసేశాడు.

నీలం. నేను కథల్లో విన్నట్టు ఆకాశమూ కాదు, సముద్రమూ కాదు. నీలం దుప్పటి. దానిమీద ఒక పాప పడుకుని ఉంది. పక్కకి తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని. ఒక కాలికి మేజోడు ఉంది, రెండో కాలికి లేదు. గోరంత చోట కూడా గొప్ప కోసం వేసిన గీత లేదు. ఆయన వేసినవాటిలో నేను చూసిన ఒకేఒక్క మామూలు బొమ్మ అది. ఒకేఒక్క మంచి బొమ్మ కూడా.

"ఎవరీ పాప?" అన్నారెవరో.

"మా అమ్మాయి."

"నిద్రపోతోందా మాస్టారూ?" అని అడిగింది రేడియో అక్క. గొంతులో ఎప్పుడూ ఉండే జోరు లేదు.

"అలాగే వేశాను" అన్నాడాయన.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయనకి ఒకప్పుడు ఒక కూతురు ఉండేదని మాలో ఒక్కడికీ తెలియదు. ఆయన దగ్గర రంగు కలపడం నేర్చుకున్నాం, ఆయన మాట తీరు నేర్చుకున్నాం, కొందరైతే ఆయన దగ్గు కూడా నేర్చుకున్నారు. ఇంట్లో ఎవరెవరున్నారని ఎవరూ అడగలేదు.

చెల్లెలు రోలరు దించేసింది. తెల్లరంగు గచ్చు మీద బొట్లు బొట్లుగా పడుతోంది.

"వద్దు మాస్టారూ. తెలియక అన్నాను."

"తెలిసి అనాల్సిన మాటేనమ్మా అది. ఎవరూ అనలేదు" అన్నాడాయన. ఆమె చేతిలోని రోలరు పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. ఆయన లాగలేదు. వదిలేదాకా పట్టుకుని నిలబడ్డాడు. చివరికి వదిలింది.

"నేను కొడితే నువ్వు కొడతావా?" అని అడిగాడు.

చెల్లెలు తిరిగి చూసింది. హాలు ఆ చివర్న అమ్మ, పెట్టె ఆపకుండా, తల తిప్పి మావైపే చూస్తోంది. ఎండ బల్ల మీంచి ఆవిడ భుజం మీదికి ఎక్కింది. మా చెల్లెలి సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు పందెం వేసి ఓడిపోతే, అవతలివాడు పోనీలే అన్నా ఊరుకునేది కాదు, ఇచ్చేదాకా అన్నం తినేది కాదు.

"కొడతాను" అంది.

కొరివితో తల గోక్కున్నానని అప్పుడు తెలిసింది నాకు. గుట్టు రట్టు చేస్తే అమ్మ మిగులుతుందనుకున్నాను. రట్టు చేసి, ఎన్నడూ కొట్టని మనిషి చేతికి రోలరు తెచ్చిపెట్టాను. ఇంతకాలం ఆ మనిషిని పిరికివాడనీ దొంగనీ తిట్టుకున్నవాణ్ణి, ఇప్పుడు పళ్ళు బిగించి, నాయనా, ఇంకొక్కసారి పిరికివాడివవ్వు, ఈ ఒక్కసారికి అబద్ధం చెప్పు అని మొక్కుకుంటున్నాను.

"మాస్టారూ" అన్నాను.

ఆయన నావైపు చూశాడు. పొద్దున వెనక గదిలో కనిపించిన ముసలితనం ఆ మొహంలో లేదు. తడి లోపలికి పోయిందా అని అడిగిన మనిషి కాదు ఇతను. అంత నిదానం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు.

వంగాడు. మేజోడు లేని ఆ చిన్న పాదం మీద రోలరు ఆనించాడు.

నా వెనక బకెట్టులో చప్పుడైంది. తిరిగి చూస్తే, మా చెల్లెలు రెండో రోలరు ముంచుతోంది.